తెగులు తట్టుకునే రకం మూడో ఏడు ఎందుకు పడిపోతుంది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, పైరుకి ఉన్న రోగనిరోధక శక్తి, దాన్ని దాటి వచ్చే తెగులు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్ర: అగ్గి తెగులు తట్టుకుంటుందని చెప్తే ఒక వరి రకం వేశామండి. రెండేళ్లు ఒక్క మచ్చ లేదు, అది చూసి చుట్టుపక్కల అందరూ అదే వేశారు. మూడో ఏడు మెడ విరుపు వచ్చి సగం పైరు పోయింది. విత్తనం ఇచ్చినవాళ్లు మోసం చేశారా, మేమేమైనా తప్పు చేశామా?

జ: మీ ఉత్తరం చదివితే చాలా బాధేసిందండి, కంకి వేశాక మెడ దగ్గర విరిగిపోతే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. కల్తీ విత్తనం అయ్యుంటే మామూలుగా మొదటి ఏడే మచ్చలు కనపడతాయి, రెండేళ్లు శుభ్రంగా ఉండి ఆ తర్వాత పొలమంతా ఒక్కసారి పడిపోయిందంటే చాలావరకు మారింది విత్తనం కాదు, అగ్గి తెగులు తెచ్చే ఫంగస్. మీ తప్పు కూడా కాదు.

అసలేం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. తడిగా ఉన్న ఆకు మీద అగ్గి తెగులు బీజం ఒకటి పడుతుంది, మొలకెత్తి చిన్న గొట్టం వేస్తుంది, ఆ గొట్టం చివర నల్లటి బుడిపె తయారవుతుంది. ఆ బుడిపెలో పీడనం మన కారు టైరులో గాలికి దాదాపు 40 రెట్లు ఉంటుంది, ఆ బలంతోనే ఆకు పైపొరని పొడుచుకుని లోపలికి దిగుతుంది. దిగాక మొక్క కణాల్లోకి కొన్ని ప్రోటీన్లు వదులుతుంది, వాటిని ఎఫెక్టర్లు అంటారు, వాటి పని మొక్క రక్షణని నిద్రపుచ్చడం. మీ రకంలో ఉన్న రెసిస్టెన్స్ జీన్ ఏం చేస్తుందంటే అలాంటి ఎఫెక్టర్‌లలో ఒకదాన్ని, మామూలుగా ఒక్కదాన్నే, గుర్తుపట్టి మొక్కని లేపుతుంది. అంతే దాని పని. ఆ ఒక్క ఎఫెక్టర్‌ని ఫంగస్ పోగొట్టుకున్నా, దాని ఆకారం కాస్త మారినా మీ మొక్కకి శత్రువు వచ్చిన సంగతే తెలీదు.

దీన్ని మొదట తేల్చింది హెచ్.హెచ్. ఫ్లోర్ అనే సైంటిస్ట్, 1940లలో అమెరికాలోని నార్త్ డకోటాలో, అవిసె మొక్క మీద వచ్చే తుప్పు తెగులు పట్టుకుని. మొక్కలో రక్షణ ఇచ్చే ప్రతి జీన్‌కి ఎదురుగా ఫంగస్‌లో ఒక జీన్ ఉంటుందని ఆయన ఏళ్ల తరబడి మొక్కనీ ఫంగస్‌నీ రెండిటినీ విడివిడిగా సంకరం చేసి చూపించాడు. అప్పటికి జీన్ అంటే డీఎన్ఏ అని కూడా అందరూ ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో అంత పని చేశాడంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన వాక్యం “చుట్టుపక్కల అందరూ అదే వేశారు” అన్నది. ఒక్క మచ్చ నుంచి ఒక్క రాత్రిలో వేల బీజాలు ఊడి గాలిలో పోతాయి, వాటిలో ఎక్కడో ఒకదానికి ఆ ఎఫెక్టర్ మారిపోయి ఉంటుంది. చుట్టూ పది రకాల వరి ఉంటే ఆ ఒక్క బీజానికి పెద్దగా లాభం ఉండదు. కనుచూపు మేర అదే రకం ఉంటే మాత్రం మిగతా బీజాలన్నీ ఆకు మీదే చచ్చిపోతాయి, ఇదొక్కటే పొలం నుంచి పొలానికి పాకుతుంది, రెండు సీజన్లు గడిచేసరికి ఆ ప్రాంతంలో మిగిలేది దాని సంతానమే.

ప్ర: అంటే ఫంగస్‌కి తెలివి ఉన్నట్టేనా? మన జీన్‌ని చూసి అది ప్లాన్ చేసి మారుతుందా?

జ: లేదు. మారడం గుడ్డిగా జరుగుతుంది, ఎంచడం మన పొలం చేస్తుంది. “ఫంగస్ నేర్చుకుంది” అని మాటవరసకి అంటాం గానీ నేర్చుకోడానికి దానికి బుర్ర లేదు, లెక్కలేనంత సంతానం ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది, బంగాళదుంపకి లేట్ బ్లైట్ తెచ్చే సూక్ష్మజీవి (1845లో ఐర్లండ్‌లో కరువు తెచ్చింది ఇదే) జీనోమ్, అంటే దాని డీఎన్ఏ మొత్తం, 2009లో చదివితే అందులో దాదాపు ముప్పాతిక భాగం పదేపదే రిపీట్ అయ్యే డీఎన్ఏ అని తేలింది. ఎఫెక్టర్ జీన్లు ఎక్కువగా ఆ రిపీట్ల మధ్యే ఉన్నాయి, బతకడానికి తప్పనిసరి జీన్లేమో వేరేచోట పదిలంగా ఉన్నాయి. అంటే దాని జీనోమ్‌లో త్వరగా మారే పేట ఒకటి, నెమ్మదిగా మారే పేట ఒకటి అన్నమాట. అడవి బంగాళదుంప నుంచి తెచ్చిన రెసిస్టెన్స్ జీన్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోడానికి ఇదొక పెద్ద కారణం.

ప్ర: మొక్కకి రక్తం లేదు, తెల్ల కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. మరి ఇమ్యూనిటీ అని ఎలా అంటారు సార్? (బీఎస్సీ స్టూడెంట్‌ని)

జ: మంచి ప్రశ్న. మనకైతే సైనికులు ఒంట్లో తిరుగుతుంటారు, మొక్కలో ప్రతి కణమూ తనకి తానే కాపలా కాసుకోవాలి. కాపలా రెండు అంచెలు. కణం పైపొర మీద కొన్ని రిసెప్టర్లు ఉంటాయి, అవి సూక్ష్మజీవులన్నిటికీ ఉమ్మడిగా ఉండే వస్తువుల్ని పసిగడతాయి, ఉదాహరణకి బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రోటీన్, అందులో 22 అమైనో ఆమ్లాల ముక్క చాలు మొక్క ఉలిక్కిపడటానికి. ఈ అంచెని దాటడానికే సూక్ష్మజీవులు ఎఫెక్టర్లు తయారుచేసుకున్నాయి. వాటిని పట్టడానికి మొక్క కణం లోపల రెండో అంచె పెట్టుకుంది, అక్కడ ఉండే ప్రోటీన్లని ఎన్ఎల్ఆర్‌లు అంటారు. అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో వీటి జీన్లు 150 దాకా ఉన్నాయి, వరిలో 400 పైనే. మనలా యాంటీబాడీ అప్పటికప్పుడు తయారుచేసుకునే వీలు లేదు కాబట్టి రకరకాల తాళాలు ముందే వారసత్వంగా మోసుకు తిరుగుతాయి.

నాకు బాగా నచ్చే ఉదాహరణ వరిలో పిక్ అనే ఎన్ఎల్ఆర్. అగ్గి తెగులు ఎఫెక్టర్ ఒకటి కణంలో కొన్ని ప్రోటీన్లని పట్టుకోడానికి చూస్తుంది. వరి ఏం చేసిందంటే ఆ ప్రోటీన్లని పోలిన ముక్కనే పిక్‌లో అతికించుకుంది, ఎరలాగా. ఎఫెక్టర్ వచ్చి ఆ ఎరని కరుచుకోగానే అలారం మోగుతుంది. ఫంగస్‌లో ఆ ఎఫెక్టర్ ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చుకుని ఎరకి దొరకకుండా పోయింది, వరిలో ఇంకో రకం పిక్ వచ్చి దాన్నీ పట్టింది, ఇలా రెండు వైపులా మెట్టు మీద మెట్టు కనపడుతుంది. పరిణామం అంటే లక్షల ఏళ్ల నాటి శిలాజాలే అనుకుంటాం, ఇక్కడ ఒక్క ఆకులో దాని అడుగుజాడలు చదవొచ్చు.

ప్ర: గోధుమ ఆకు మీద గుండుసూది మొన అంత గోధుమరంగు చుక్కలు వచ్చాయి. పదిరోజులైనా పెద్దవి కాలేదు, పొడి రాలట్లేదు. మందు కొట్టమంటారా?

జ: ఆకు చూడకుండా ఖాయంగా చెప్పకూడదు, రెండు ఆకులు కోసి దగ్గర్లోని వ్యవసాయ శాస్త్రవేత్తకి చూపించండి. కానీ మీరు చెప్పినట్టే ఉంటే అది తెగులు గెలిచిన గుర్తు కాకపోవచ్చు, మొక్క గెలిచిన గుర్తు కావచ్చు. తుప్పు తెగులు ఫంగస్ బతికున్న కణం నుంచే తిండి లాగుతుంది. దాన్ని గుర్తుపట్టిన కణం, దాని పక్కన ఉన్న కొన్ని కణాలు తమంతట తామే చచ్చిపోతాయి, ఫంగస్‌కి చుట్టూ శవాలే మిగులుతాయి, తిండి లేక అక్కడే ఆగిపోతుంది. ఆ చుక్క అదే. తెగులు ముదిరితే తుప్పు రంగు పొడి వేలికి అంటుతుంది, తేడా అక్కడ చూడండి.

ప్ర: ఒక్కో జీన్ ఓడిపోతుంటే అన్ని రెసిస్టెన్స్ జీన్లూ కలిపి ఒకే రకంలో పెట్టేయొచ్చు కదా?

జ: కొంతవరకు పెడుతున్నారు, మూడు నాలుగు మంచి జీన్లు కలిపితే ఫంగస్ ఒకేసారి అన్నిటినీ దాటాలి కాబట్టి కష్టమవుతుంది. కానీ “అన్నీ” అంటే కుదరదు, కాపలాకి ఖర్చుంది. అరాబిడాప్సిస్‌లో ఒకే ఒక్క రెసిస్టెన్స్ జీన్ ఉన్న మొక్కలనీ లేని మొక్కలనీ తెగులు లేని పొలంలో పక్కపక్కన పెంచి చూస్తే జీన్ ఉన్నవాటికి గింజలు దాదాపు 9 శాతం తగ్గాయి, 2003లో వచ్చిన ఫలితం అది. కొన్ని జీన్లు కలిస్తే మొక్క శత్రువు లేకుండానే తన కణాల్ని తనే చంపుకుని గిడసబారిపోతుంది కూడా.

ఇంతకన్నా పెద్ద పాఠం విక్టోరియా ఓట్స్‌ది, దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. అమెరికాలో ఓట్స్‌కి తుప్పు తెగులు బాగా వస్తుంటే దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన విక్టోరియా అనే రకంలోని జీన్ దాన్ని ఆపింది, 1940ల మొదట్లో ఆ జీన్ ఉన్న రకాలు విపరీతంగా వేశారు. 1946 నాటికి అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఇంకో ఫంగస్ వచ్చి సరిగ్గా ఆ రకాలనే మాడ్చేసింది, పక్కన పాత ఓట్స్ బాగానే ఉన్నాయి. ఈ ఫంగస్ తినేది చచ్చిన కణాన్ని. ఇది విక్టోరిన్ అనే విషం వదులుతుంది, ఆ విషానికి మొక్కలోని రక్షణ యంత్రాంగమే లేచి కణాల్ని చంపేస్తుంది, పైన చెప్పానే ఆ ఆత్మత్యాగం, అదే దీనికి భోజనం. తుప్పుని ఆపే గుణాన్నీ ఈ తెగులుకి లొంగే గుణాన్నీ విడదీద్దామని దశాబ్దాలు ప్రయత్నించారు, విడిపోలేదు.

ప్ర: ఎప్పటికీ ఓడిపోని జీన్ ఒక్కటైనా లేదా?

జ: ఎప్పటికీ అనను, చాలాకాలం నిలిచినవి ఉన్నాయి. బార్లీలో ఎమ్ఎల్ఓ అనే జీన్ పాడైతే బూడిద తెగులు లోపలికి దిగలేదు, 1979 నుంచి పొలాల్లో వాడుతున్నా అది ఇంకా నిలబడే ఉంది. ఎందుకంటే అది శత్రువుని గుర్తుపట్టడం కాదు, శత్రువుకి కావాల్సిన తలుపే తీసేయడం, ఫంగస్ ఏదో ఒక ప్రోటీన్ వదులుకుంటే సరిపోయే సమస్య కాదు. దీనికి పూర్తి వ్యతిరేకం గోధుమలో ఎస్ఆర్ 31 అనే రెసిస్టెన్స్ జీన్, రై అనే ధాన్యపు మొక్క నుంచి తెచ్చింది, కాండం తుప్పుని ప్రపంచమంతా ఎన్నో ఏళ్లు ఆపింది. 1998లో ఉగాండాలో యూజీ 99 అనే తుప్పు దాన్ని దాటేసింది, 2007 కల్లా గాలిలో ఇరాన్ దాకా చేరింది.

ప్ర: మరి మందులు కొట్టడం తప్ప మా చేతిలో ఏమీ లేదా?

జ: ఉందండి. చైనాలోని యునాన్‌లో 1998, 99లలో వేల మంది రైతులు కలిసి ఒక పని చేశారు. అక్కడ జిగురు వరికి మంచి గిరాకీ, కానీ అగ్గి తెగులుకి ఇట్టే పోతుంది. దాన్ని విడిగా వెయ్యకుండా తెగులు తట్టుకునే హైబ్రిడ్ వరి నాలుగైదు వరసల మధ్య ఒక్క వరస చొప్పున నాటారు. జిగురు వరి ఎత్తుగా పెరుగుతుంది కాబట్టి దాని కంకులకి గాలీ ఎండా బాగా తగిలాయి, ఒక జిగురు మొక్క మీంచి లేచిన బీజం చాలాసార్లు హైబ్రిడ్ ఆకు మీద పడి వృథా అయ్యింది. విడిగా వేసిన జిగురు వరితో పోలిస్తే అగ్గి తెగులు 94 శాతం తగ్గింది. కోతప్పుడు చేత్తో ముందు జిగురు వరసలు కోసుకుని తర్వాత హైబ్రిడ్ కోశారు, రెండో ఏడు వచ్చేసరికి అగ్గి తెగులుకి మందు కొట్టడం మానేశారు. మొదటి ఉత్తరం రాసిన రైతుగారికి కూడా నేను చెప్పేది ఇదే, మిషన్‌తో కోసేవాళ్లకి వరసలు కలపడం కుదరకపోతే కనీసం ఒకరి పొలం పక్కన ఇంకొకరు వేరే రకం, వేరే జీన్ ఉన్నది, వేసేలా నాట్లకి ముందే పదిమందీ కూర్చుని మాట్లాడుకోండి.