ఈజిప్టు కంచు పిల్లి మూలవిరాట్టు కాదు, మొక్కుబడి

ప్రశ్న: ప్రాచీన ఈజిప్టువాళ్లు పిల్లుల్ని పూజించేవారట కదా, మ్యూజియాల్లో ఉన్న కంచు పిల్లులు వాళ్ల గుళ్లలోని దేవతా విగ్రహాలేనా?

దాదాపు ఏవీ కావు. భక్తులు గుడికి ఇచ్చుకున్న మొక్కుబడులు అవి. కంటిజబ్బు తగ్గితే మనవాళ్లు అమ్మవారికి వెండి కళ్లు సమర్పిస్తారే, ఆ వరసలోవి. వాళ్లు కొలిచింది బాస్టెట్ అనే దేవతను. ఆమె ఊరు నైలు డెల్టాలోని బుబాస్టిస్, ఇప్పటి జగాజిగ్ పక్కనున్న టెల్ బస్తా. మొదట్లో ఆమెది ఆడసింహం ముఖం. పిల్లి రూపం బాగా వ్యాపించింది క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో. అప్పుడు కూడా పాత ముఖాన్ని వదల్లేదు. పిల్లి తలతో నిలబడ్డ బాస్టెట్ బొమ్మల్లో ఒక చేత గిలకలాంటి సిస్ట్రం వాయిద్యం ఉంటే, రెండో చేత సింహం తల చెక్కిన పలక ఉంటుంది.

కూర్చున్న పిల్లి బొమ్మ దొరికితే ముందు దాని అడుగు చూడాలి. చాలావాటికి కింద మేకుల్లాంటి కొసలుంటాయి. వాటిని పీటలోకి దిగేసేవారు. బాస్టెట్ ఫలానా మనిషికి ఆయుష్షు ఇవ్వాలని, దాత పేరుతో సహా, రాసేది ఆ పీట మీదే. చెక్క పీటలు చాలావరకు పోయాయి, వాటితోపాటు పేర్లూ పోయాయి. అందుకే బొమ్మ ఒక్కటే చూసి దేవుడనుకుంటున్నాం.

ఇక ఈ బొమ్మల్ని ఎలా చేసేవారో చూద్దాం. చిన్న బొమ్మల్ని నిండుగానే పోసేవారు. పెద్దవాటికి కంచు కలిసిరావాలని లోపల డొల్ల ఉంచేవారు. మట్టి, ఇసుక కలిపి ముందు లోపలి ముద్ద చేస్తారు. దాని మీద తేనెమైనం పరిచి చెవులు, మీసాలు, మెడలో పేట అన్నీ మైనంలోనే దిద్దుతారు. మైనం మందం ఎంతో కంచు మందం అంతే. తర్వాత మైనంలోంచి లోపలి ముద్దలోకి సన్నని లోహపు మేకులు గుచ్చి, కొసలు బయటికి వదిలి, పైన మెత్తని మట్టి, ఆ పైన ముతక మట్టి పూతలు వేసి కాలుస్తారు. మైనం కారిపోయాక ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ ఈ మూలసూత్రంతోనే.

పని చెడేది ఆ మేకుల దగ్గరే. మైనం పోయాక లోపలి ముద్దను పట్టి ఉంచేవి అవొక్కటే. అవి చాలకపోతే ముద్ద ఒక పక్కకి ఒరుగుతుంది, అటువైపు కంచు పారడానికి సందుండదు, బొమ్మకు బొక్క పడుతుంది. మట్టిలో తడి మిగిలితే ఆవిరి లేచి లోహం నిండా బుడగలే. ఆ కాలపు కంచులో సీసం కూడా తరచుగా కలిపేవారు. సీసం ఉన్న కంచు సన్నని సందుల్లోకి సులువుగా పారుతుంది.

బ్రిటిష్ మ్యూజియంలోని గేయర్-ఆండర్సన్ పిల్లినే తీసుకోండి. క్రీ.పూ. 600 ప్రాంతానిది, ఎత్తు 42 సెంటీమీటర్లు. చెవులకూ ముక్కుకూ బంగారు పోగులు, రొమ్ము మీద వెండి వెడ్జట్ కన్ను (హోరస్ దేవుడి కన్ను, రక్షగా పెట్టుకునే గుర్తు). ఫొటోల్లో నిక్షేపంగా కనిపిస్తుంది. ఎక్స్‌రే తీస్తే ఒంటిచుట్టూ దాదాపు పూర్తిగా తిరిగిన పగుళ్లు బయటపడ్డాయి. లోపల అమర్చిన ఊతం లేకపోతే తల ఊడి వచ్చేస్తుంది. ఆ మరమ్మతు దాన్ని సేకరించిన మేజర్ గేయర్-ఆండర్సన్ చేసిందే. ఈ సంగతి చెప్పకుండా "2,600 ఏళ్లయినా చెక్కుచెదరలేదు" అని ఆ ఫొటోని పంచడం తప్పు.

అంతకంటే పెద్ద తప్పు ఈజిప్టు తూర్పు సరిహద్దు పట్టణం పెలూసియం దగ్గర జరిగిన యుద్ధం కథ. క్రీ.పూ. 525లో పర్షియా రాజు కంబైసెస్ తన సేన ముందు పిల్లుల్ని నిలిపితే ఈజిప్టువాళ్లు బాణం వేయలేకపోయారట. దీన్ని రాసిన గ్రీకు రచయిత పోలియేనస్ దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాతివాడు. వందేళ్లలోపే ఆ యుద్ధభూమికి వెళ్లి అక్కడి పుర్రెల గురించి కూడా రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ పిల్లుల ఊసే ఎత్తలేదు.

పిల్లి ప్రాణం ఎలాగైనా కాపాడేవారన్న మాటకు మమ్మీలు అడ్డొస్తాయి. మొక్కు తీర్చుకోవడానికి ఇచ్చిన పిల్లి మమ్మీల్లో చాలావి చిన్న కూనలవి. 2020లో బ్రిటన్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కాన్ చేసిన కూనకు ఐదు నెలలు కూడా నిండలేదు, దాని మెడ ఎముక విరిగి ఉంది. డొల్ల కంచు పిల్లులు కొన్ని ఇలాంటి కూనలకు శవపేటికలే. మాంచెస్టర్‌లో 800కు పైగా జంతు మమ్మీల్ని స్కాన్ చేస్తే మూడోవంతులో జంతువు ఎముకే లేదు, బట్ట, మట్టి, పుల్లల్లాంటివే. నా లెక్కలో అది మోసం కాకపోవచ్చు. దేవత ముందు పెట్టే రూపం సరిగ్గా ఉంటే మొక్కు తీరినట్టే అనుకుని ఉంటారు.

ఈజిప్టులోని బెని హసన్ దగ్గర దొరికిన పిల్లి మమ్మీల్ని 1890లో దాదాపు 19 టన్నులు ఓడకెక్కించి లివర్‌పూల్‌కి తెచ్చి, వేలం వేసి, పొడి కొట్టి పొలాలకు ఎరువుగా చల్లారు. వాటిలో కూనలెన్ని, మెడలు విరిగినవెన్ని, ఉత్త బట్ట మూటలెన్ని అని లెక్కపెట్టే దారి ఇక లేదు.