రాయగడలో ఉంటూ లాన్ బౌల్స్ ఆడటం కుదురుతుందా?

నలభై దాటాయి, రాయగడలో గ్రీన్ (ఈ ఆట ఆడే గడ్డి మైదానం) లేదు, ఇప్పుడు లాన్ బౌల్స్ మొదలుపెట్టొచ్చా అని అడిగారు. తప్పకుండా మొదలుపెట్టండి. మావారి ఉద్యోగం రాంచీలో ఉన్నప్పుడు నామ్‌కుమ్ గ్రీన్ మీద నేను నేర్చుకున్నాను. అప్పటికి నాకు ముప్ఫై తొమ్మిది. మళ్లీ రాయగడ వచ్చేసి ఐదేళ్లయింది, ఆట మాత్రం వదల్లేదు.

కనీసం 23 మీటర్ల దూరంలో జాక్ అనే చిన్న బంతి ఉంటుంది. మనం దొర్లించే పెద్ద బంతిని బౌల్ అంటారు. మన బౌల్ ఎదుటివాళ్ల బౌల్ కంటే జాక్‌కి దగ్గరగా ఆగాలి. చిన్నప్పుడు గోళీలాడినవాళ్లకి ఇంతవరకూ కొత్తేమీ లేదు. కొత్తదల్లా బయాసే. కిలోన్నర దాకా బరువుండే బౌల్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఆ ఆకారం వల్ల వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకి ఒరుగుతుంది. జాక్‌కి సూటిగా వేస్తే చేరదు. బాగా పక్కకి వేస్తే, ఇక పోయిందనుకున్న బౌల్ చివర్లో మెల్లగా తిరిగి జాక్ పక్కకొచ్చి ఆగుతుంది. అది చూడటం కోసమే చీకటిపడేదాకా వేస్తూ ఉండేదాన్ని.

బౌల్‌కి రెండు పక్కలా గుర్తులుంటాయి. చిన్న గుర్తున్న వైపుకే అది తిరుగుతుంది. మొదటి మ్యాచ్‌లో టెన్షన్‌తో అది చూసుకోలేదు. బౌల్ పక్క రింకులోకి, అంటే పక్కవాళ్లు ఆడుకునే పట్టీలోకి పోయింది, ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇప్పటికీ వేసేముందు బొటనవేలితో ఆ గుర్తు తడుముకుంటాను.

ఇక్కడ సాధనంటే, మా వసారాలో రెండు జంపఖానాలు వరసగా పరిచి వేయడమే. అడుగు ముందుకేసి, వంగి, చప్పుడు కాకుండా బౌల్‌ని నేలకి అందించడం దానిమీద బాగా వస్తుంది. మోకాళ్లూ అలవాటుపడతాయి. దూరం అంచనా మాత్రం రాదు, దానికి గడ్డి కావాల్సిందే. అందుకే ఏడాదికి రెండుసార్లు బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాంచీ వెళ్తాను. నాలుగు బౌల్స్ సంచీ ఆరు కిలోలుంటుంది. వెళ్లిన మొదటిరోజు వేసినవన్నీ జాక్‌కి ఇవతలే ఆగిపోతాయి. మంచు తడి ఆరని పొద్దుటిపూట అయితే మరీను. రెండోరోజుకి చెయ్యి కుదురుకుంటుంది.

ఆ బంతుల కోసం అంత దూరమా అని మా అత్తయ్యగారు నొచ్చుకునేవారు. 2022 ఆగస్టు 2న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఫైనల్ ఇద్దరం ఫోన్లో చూశాం. మన ఆడవాళ్ల ఫోర్స్ (నలుగురు ఆడే) జట్టు దక్షిణాఫ్రికాని 17-10తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ నలుగురిలో లవ్లీ చౌబే, రూపారాణి టిర్కీ రాంచీవాళ్లేనని చెబితే ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు జంపఖానాలు దులిపి పరిచేది ఆవిడే.

బౌల్స్ తొందరపడి కొనకండి. సైజు మీ చేతికి సరిపోవాలి. రెండు చేతులతో బౌల్ చుట్టూ పట్టుకుంటే బొటనవేలికి బొటనవేలు, మధ్యవేలికి మధ్యవేలు అందాలి. ముందు నావి పట్టుకుని చూద్దురుగాని. మీరూ మా ఊరివారే కదా, ఏ ఆదివారం పొద్దున్నయినా మా వసారాకి రండి.