చూపు తక్కువని ఇంటర్వ్యూలో చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఫైనలియర్. చిన్నప్పటి నుంచీ చూపు బాగా తక్కువ. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఆ సంగతి బయటపెట్టొద్దని నేనంటున్నాను. కంపెనీలే వద్దు, బ్యాంకు పరీక్షలు రాయమని వాళ్లమ్మ అంటోంది. తనేమో కంపెనీలో చేరి టీమ్ లీడ్ అవుతానంటోంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, తెనాలి

సమాధానం: చెప్పమనండి. స్క్రీన్‌కి ముఖం ఆనించి చదివే మనిషి సంగతి పక్క సీటు వాళ్లకి వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. దాచి చేరితే ఆ వారమంతా టెన్షనే. పైగా చెప్పకుండా సదుపాయాలు అడగడం కుదరదు. మీ భయం నాకు అర్థమవుతుంది, చెబితే తీసుకోరేమోనని. అలా పక్కన పెట్టే కంపెనీలు ఉన్నాయి కూడా. అలాంటి చోట దాచి చేరినా మీ అమ్మాయి నెగ్గుకురావడం కష్టం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు కంపెనీలకూ వర్తిస్తుంది. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం, నిజమే. కానీ ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల పాలసీ రాసి అందరికీ తెలిసేలా పెట్టాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట దివ్యాంగుల నియామకాలు, సదుపాయాలు చూసేందుకు ఒక లైజన్ ఆఫీసర్ కూడా ఉండాలి. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల వెబ్‌సైట్లలో ఆ పాలసీ ఉందేమో అమ్మాయినే వెతకమనండి.

అసలు చిక్కు ఇంటర్వ్యూ కంటే ముందే, ఆన్‌లైన్ టెస్టులోనే రావచ్చు. కాపీ కొట్టకుండా చూసే సాఫ్ట్‌వేర్లు కొన్ని టెస్టు విండో తప్ప వేరే ఏదీ పనిచేయనివ్వవు. దాంతో అక్షరాల్ని పెద్దవి చేసి చూపే మాగ్నిఫైయరూ, తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడరూ ఆగిపోతాయి. కోడింగ్ ఎంత వచ్చినా ప్రశ్నే చదవలేకపోతే ఏం రాస్తుంది? అందుకే టెస్టుకి కనీసం వారం ముందు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ద్వారా మెయిల్ వెళ్లాలి. అందులో జాలి పుట్టించే మాటలు అక్కర్లేదు. ‘నాకు లో విజన్. మాగ్నిఫైయర్, ఎన్‌వీడీఏ వాడతాను. మీ టెస్టులో ఇవి పనిచేస్తాయా? పనిచేయకపోతే వేరే ఏర్పాటు చేయగలరా? గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వగలరా?’ – ఇంతే. ఆ 20 నిమిషాలు రాత పరీక్షల కోసం కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని లెక్క. కంపెనీ టెస్టుకి అదే వర్తించాలని లేదు గానీ, అడగడానికి ఒక ఆధారం. సర్టిఫికెట్‌తో పాటు యూడీఐడీ కార్డు (దివ్యాంగులకిచ్చే జాతీయ గుర్తింపు కార్డు) కాపీ జతచేయండి. కార్డు లేకపోతే ఈ వారమే దరఖాస్తు చేయండి.

ఆ మెయిల్‌కి వచ్చే జవాబు బట్టి కంపెనీ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. వైవిధ్యం గురించి పోస్టర్లు ఎన్నయినా అంటించొచ్చు. ‘మీకు ఏ సెట్టింగ్ కావాలి?’ అని తిరిగి అడిగే హెచ్‌ఆర్ ఉన్న చోటుకి వెళ్లమనండి. ఇంటర్వ్యూ చివర్లో తనూ ఒకటి అడగాలి: ‘మీ దగ్గర స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లు ఉన్నారా? వాళ్లు ఏ స్థాయిలో ఉన్నారు?’

ఇక టీమ్ లీడ్ కావాలన్న కోరిక. దాన్ని దయచేసి నీరుగార్చకండి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వబోమన్నారు. పోరాడి చేరాడు, ఎంఐటీలో చదివాడు, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి తనలాంటి వాళ్లకి ఉద్యోగాలిచ్చాడు.

చేరాక అసలు ప్రమాదం వేధింపుల కంటే జాలి వల్లే ఎక్కువ. ‘పాపం, ఆమెకెందుకు శ్రమ’ అని మంచిమనసుతోనే క్లయింట్ కాల్స్, రిలీజ్ బాధ్యతలు పక్కవాళ్లకిస్తారు. తనకి డాక్యుమెంట్లు సరిచూసే పని మిగులుతుంది. రెండేళ్ల తర్వాత ప్రమోషన్ మాట వచ్చేసరికి చూపించడానికి ఏమీ ఉండదు. కాబట్టి అమ్మా, ఇది నీకే చెబుతున్నాను: మొదటి ఏడాదిలోనే నీ పేరు మీద ఒక పని, చిన్న మాడ్యూల్ అయినా సరే, మేనేజర్‌ని అడిగి తీసుకో. మీటింగ్‌కి ముందే స్లైడ్లు పంపమను. బోర్డు మీద రాసేవాళ్లని రాస్తున్నది పైకి చదవమను. మొహమాటపడకు. నువ్వు అడిగిన పద్ధతి వల్ల మిగతా టీమ్‌కి కూడా మీటింగులు తేలికవుతాయి.

బ్యాంకు పరీక్షలు కూడా రాయొచ్చు. చూపు సమస్య ఉన్నవాళ్లకి ప్రభుత్వ బ్యాంకుల్లో రిజర్వేషన్ ఉంది, మంచి ఉద్యోగాలే. ఆ దారి ఎంచుకునేది మాత్రం అమ్మాయే కావాలి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికి మీరు తోడు వెళ్లండి, మాట్లాడటం తనకి వదిలేయండి.