యెషీవా అంటే పూజారుల బడి కాదు: మీర్ పక్కవీధిలో నేను చూసింది

మీరు రెండు సంగతులు అడిగారు. యెషీవా అంటే, అంటే యూదుల మతవిద్యాలయం, మన వేదపాఠశాల లాంటిదేనా? మీర్ అనే యెషీవా యుద్ధకాలంలో షాంఘైకి ఎందుకు వెళ్లింది?

మాది నిజామాబాద్ వైపు. జెరూసలేంలో ఏడేళ్లు ఒక పెద్దాయనను చూసుకునే పని చేశాను. ఆయన వయసులో ఉండగా మీర్‌లో చదివారు, చివరిదాకా దాని పక్కవీధిలోనే, బేత్ ఇస్రాయెల్ పేటలో ఉన్నారు. ఆయన్ని 'సబా' అనేవాణ్ని. హీబ్రూలో తాత అని.

వేదపాఠశాలలో గురువు సంత చెబితే శిష్యులు స్వరం తప్పకుండా తిరిగి చెబుతారు. యెషీవాలో వినిపించేది వాదన. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లోని ఒకే పుట ముందు ఇద్దరు కూర్చుంటారు, ఒకరు చెప్పిన అర్థాన్ని ఇంకొకరు పట్టి చూస్తారు. ఈ జోడీనీ, జోడీలోని తోడునీ 'హవ్రూతా' అంటారు. ఆ పుట కూడా అలాగే ఉంటుంది. మధ్యలో మూలం. ఒక పక్క 11వ శతాబ్దపు పండితుడు రాషీ వ్యాఖ్య. రెండో పక్క తోసాఫోత్, అంటే రాషీ తర్వాతి తరాలవాళ్లు ఆయనతో పడిన పేచీలు. వాళ్లలో ఆయన సొంత మనవళ్లూ ఉన్నారు! సబాను చక్రాల కుర్చీలో మీర్ హాలుకు తీసుకెళ్తే లోపల వందల గొంతులు ఒక్కసారిగా మీద పడేవి. రబ్బీ, అంటే యూదు మతగురువు, ఉద్యోగం కోసమే అందరూ చదవరు. చదవడమే వాళ్లకు ఆరాధన.

ఇక షాంఘై. ఈ యెషీవా 1815 ప్రాంతంలో, ఇప్పటి బెలారూస్‌లోని మీర్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. 1939లో సోవియట్ సైన్యం రాగానే గురుశిష్యులంతా లిథువేనియాకు తరలిపోయారు. 1940లో అక్కడి కౌనస్ నగరంలో డచ్ కాన్సుల్ యాన్ జ్వార్టెండైక్, కరీబియన్‌లో డచ్ వాళ్ల చేతిలో ఉన్న కురసావ్ దీవికి వెళ్లడానికి వీసా అక్కర్లేదని రాసిచ్చాడు. ఆ కాగితం చూసి జపాన్ వైస్ కాన్సుల్ చియునె సుగిహారా, జపాన్ మీదుగా వెళ్లేందుకు వీసాలు ఇచ్చాడు. రైల్లో సైబీరియా దాటి, ఓడెక్కి, జపాన్‌లోని కోబె చేరారు. అక్కడ మిగిలిపోయిన శరణార్థులను 1941లో జపాన్ షాంఘైకి పంపేసింది.

షాంఘైలో వాళ్లు చదువుకున్నది బేత్ అహరోన్ అనే ప్రార్థనామందిరంలో. దాన్ని కట్టించిన సైలస్ హర్దూన్ బాగ్దాదులో పుట్టి బొంబాయిలో పెరిగినవాడు. పుస్తకాలు దొరక్కపోతే తాల్ముద్‌ను అక్కడే అచ్చు వేయించుకున్నారు. అదే 1941 నవంబరులో, వెనక మీర్ ఊళ్లో ఉండిపోయిన యూదుల్లో ఎక్కువమందిని నాజీలు చంపేశారు. సబాకు పాఠం చెప్పినవాళ్లలో షాంఘై నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. యుద్ధం తర్వాత కొందరు న్యూయార్క్ చేరారు, కొందరు 1944లోనే జెరూసలేంలో మొదలైన మీర్‌లో కలిశారు.

అంత దూరం ఏం మోసుకెళ్లారో నాకు సబా ఇంట్లో అర్థమైంది. ఆయన హవ్రూతా రోజూ సాయంత్రం వచ్చేవారు. నేను చేరిన మొదటి రోజు వాళ్ల అరుపులు విని, కొట్టుకుంటున్నారేమోనని వంటింట్లోంచి పరిగెత్తాను. తర్వాత సబాకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా వచ్చేది. ఆ పెద్దమనిషి జాలిపడి, సబా ఏం చెప్పినా "అవును, నిజమే" అనడం మొదలుపెట్టారు. సబా రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు పుట మీద వేలు పెట్టి, ముద్దమాటతోనే "ఎదురు చెప్పు" అన్నారు.

ఆ హవ్రూతా కళ్లు తుడుచుకుని, గొంతు పెంచారు. ఆ రాత్రి సబా రెండు గిన్నెల సూపు తాగారు.