సెకండరీ అని తెలిశాక పాత బృందంలో ఇమడలేకపోతుంటే

అక్కా, రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని (ఇలా వేరే చోటికి పాకడాన్నే సెకండరీ అంటారు) తెలిశాక, రొమ్ము క్యాన్సర్ వాళ్ల పాత సపోర్ట్ బృందంలో అందరూ ‘ట్రీట్‌మెంట్ అయిపోయింది’ అని సంబరపడుతుంటే నోరు విప్పలేకపోతున్నానని రాశారు. అది అసూయేమీ కాదండీ. వాళ్ల చికిత్సకు ఒక ముగింపు ఉంది, మనది మందు పనిచేసినంతకాలం సాగేది. నేనూ సెకండరీతోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా: సెకండరీ వాళ్లు మాత్రమే ఉండే బృందం కావాలని మీ ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) నర్సును ఆ మాటతోనే అడగండి. ఉత్తినే సపోర్ట్ గ్రూప్ అంటే మళ్లీ పాతచోటికే పంపుతారు.

కొత్తలో ఏమీ మాట్లాడకుండా వింటూ ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. స్కాన్ ముందు పట్టే గుబులు అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక కష్టం మాత్రం ఉంది: ఇలాంటి చోట మనిషి పోయిన కబురు కూడా వస్తుంది. అప్పుడు కొన్నాళ్లు తప్పుకోండి, మనసు కుదుటపడ్డాక రావచ్చు.

ఎవరి మందునూ మీ మందుతో పోల్చుకోకండి. రొమ్ము క్యాన్సర్‌లోనే రకాలున్నాయి: హార్మోన్ పాజిటివ్, హెర్‌2 పాజిటివ్, ట్రిపుల్ నెగెటివ్; వీటి చికిత్సలు వేర్వేరు. ఎముకల్లో ఉన్నా అవి రొమ్ము క్యాన్సర్ కణాలే, కాబట్టి ఎముక క్యాన్సర్ గురించి చదివి బెంబేలెత్తకండి.

ఎముకలను కాపాడే మందు జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలెడతారన్నారుగా, ముందే పళ్ల డాక్టరుకు చూపించుకోండి. ఆ మందుతో అరుదుగానైనా దవడ ఎముక దెబ్బతింటుంది. ఇక నడుంనొప్పితో పాటు కాళ్లలో బలహీనత, తిమ్మిరి వచ్చినా, మూత్రం పట్టు తప్పినా మమ్మల్నెవరినీ అడుగుతూ కూర్చోకండి, వెన్నుపాము నొక్కుకుపోతోందేమో, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.