ముందు బకాయిలు, తర్వాత మొక్కలు

ప్రశ్న: మాది 40 మంది పనిచేసే చిన్న తయారీ సంస్థ. సమాజానికి మావంతుగా ఏదైనా చేయాలని మూడేళ్లుగా పిల్లలకు పుస్తకాలు పంచుతున్నాం, మొక్కలు నాటుతున్నాం. మొన్న మీటింగ్‌లో ఒక కార్మికురాలు లేచి, “ముందు మా ఓవర్‌టైమ్ బకాయిలు ఇవ్వండి సార్, మొక్కలు తర్వాత నాటొచ్చు” అంది. అప్పటినుంచి మనసు బాగాలేదు. చేస్తున్న మంచి పని ఆపేయాలా? మాలాంటి చిన్న సంస్థకు సామాజిక బాధ్యత అంటే ఏమిటి?

జవాబు: మొక్కలు ఆపక్కర్లేదు. కానీ ఆమె చెప్పిన వరుస సరైనది, అదే వరుసలో చేయండి. ఓవర్‌టైమ్ డబ్బు వాళ్లది, ప్రస్తుతానికి మీ దగ్గర ఉండిపోయింది, అంతే. అందరి ముందు లేచి ఆ మాట అనగలిగిందంటే ఆమెకు మీ మీద ఇంకా నమ్మకం ఉందని నేను అనుకుంటున్నాను. ఆ మాట అన్నందుకు ఆమెకు ఏ ఇబ్బందీ రానివ్వకండి, సూపర్‌వైజర్ల నుంచి కూడా.

బాధ్యత అనగానే నాకు ముందు గుర్తొచ్చేది బంగ్లాదేశ్‌లోని రానా ప్లాజా. 2013 ఏప్రిల్ 23న ఆ ఎనిమిది అంతస్తుల భవనంలో పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. లోపలికి వెళ్లాలంటే భయమే, కానీ వెళ్లకపోతే జీతం పోతుందన్న భయం ఇంకా పెద్దది కాబట్టి వెళ్లారు. భవనం కూలి 1,134 మంది చనిపోయారు. అక్కడి ఫ్యాక్టరీల్లో కొన్నిటికి అంతకుముందు ఆడిట్లు, అంటే పని పరిస్థితుల తనిఖీలు, కూడా జరిగాయి, కాగితాలున్నాయి. పగుళ్లు కళ్లారా చూసిన మనిషికి “నేను లోపలికి రాను” అనే అధికారం మాత్రం లేకపోయింది.

తర్వాత కొన్ని వారాల్లోనే, అలాంటి ఫ్యాక్టరీల్లో బట్టలు కుట్టించుకునే బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది, దానిలో 200కు పైగా కంపెనీలు చేరాయి. అంతకుముందు కంపెనీలు ఇచ్చినవి చాలావరకు సొంత హామీలు, మాట తప్పితే అడిగేవాళ్లు లేరు. దీనికి మాత్రం చట్టబద్ధత ఉంది, బయటి ఇంజినీర్లు వచ్చి భవనాలను తనిఖీ చేశారు, ఆ రిపోర్టులను అందరికీ తెలిసేలా బయటపెట్టారు, ప్రమాదం అనిపిస్తే పని మానే హక్కును కార్మికులకు రాసిచ్చారు. మీ 40 మంది సంస్థలోనూ ఇవే పనికొస్తాయి. బకాయి ఎవరికి ఎంత ఉందో, ఏ తేదీకి ఇస్తారో రాసి గోడమీద పెట్టండి. మెషిన్ తేడాగా ఉంటే ఎవరైనా ఆపొచ్చని, దానికి జీతం కోయబోమని రాసిపెట్టండి. కాంట్రాక్ట్ మీద వచ్చేవాళ్లకూ అదే వర్తించాలి, చాలాచోట్ల వాళ్ల దగ్గరే మాట మారుతుంది.

ఇంకొకటి. బకాయి అసలు ఎందుకు పేరుకుపోయిందో వెతకండి. సాధారణంగా ఇది ఆర్డర్ ఒప్పుకున్న రోజే మొదలవుతుంది: 20 రోజుల పనిని 12 రోజుల్లో ఇస్తామంటాం, ఆ ఎనిమిది రోజుల భారం రాత్రి షిఫ్టు మీద పడుతుంది, కొనేవాళ్లు మూడు నెలల తర్వాత డబ్బిస్తారు, అప్పటిదాకా జీతాలు ఆగుతాయి. మీకు సరుకు ఇచ్చే చిన్న సప్లయర్లకు మీరు ఎన్ని రోజులకు పేమెంట్ చేస్తున్నారో కూడా చూడండి, ఎందుకంటే మీరు ఆలస్యం చేస్తే వాళ్లు వడ్డీకి తెచ్చి వాళ్ల మనుషులకు ఇవ్వాలి, లేదా వాళ్లూ ఆపాలి. ఇవన్నీ సర్దుకున్నాక మొక్కలు నాటండి, ఈసారి మీ కార్మికులే ఉత్సాహంగా వస్తారు.

ప్రశ్న: మా కంపెనీ “పర్యావరణానికి మేలు చేసే సంస్థ” అని ప్రచారం చేసుకుంటోంది. అది నిజమో కాదో ఉద్యోగిగా నేనెలా తెలుసుకోవాలి?

జవాబు: అంకె అడగండి. ఏ ఏడాదితో పోల్చి ఎంత తగ్గించారు, సొంత ఆఫీసు కరెంటు వరకే లెక్కేశారా, సప్లయర్ల దగ్గర, రవాణాలో, కస్టమర్ వాడేటప్పుడు వచ్చే కాలుష్యం కూడా కలిపారా, ఆ లెక్కను బయటివాళ్లెవరైనా చూశారా? చాలా వ్యాపారాల్లో కాలుష్యంలో పెద్ద భాగం ఆ బయటి లెక్కలోనే ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లను శుభ్రమైనవని అమ్ముకుంది, 2015లో చూస్తే పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉందని తేలింది, ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల కార్లలో. అడగడానికి టెన్షన్ పడకండి. మర్యాదగా, రాతపూర్వకంగా, వీలైతే నలుగురు కలిసి అడగండి.

ప్రశ్న: లాభం సంపాదించడమే వ్యాపారం బాధ్యత అని అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అన్నారు కదా? మిగతాదంతా ఎందుకు?

జవాబు: 1970లో ఆయన రాసిన వ్యాసంలో ఆ మాటకు ఒక షరతు ఉంది: నియమాలకు లోబడి, మోసం లేకుండా. చాలామంది మొదటి సగమే చెబుతారు. ఆ షరతును నిజాయితీగా పాటించినా చాలా మారుతుంది, కాకపోతే నియమాల్లో రాయని సందర్భాలు వస్తూనే ఉంటాయి. ఉదాహరణకు, 1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో సైనైడ్ విషం కలిపారు, ఏడుగురు చనిపోయారు. కలిపింది ఫ్యాక్టరీలో కాదు, సరుకు దుకాణాలకు చేరాక. అయినా ఆ మాత్రల కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటా సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. కొన్ని వారాలకు మళ్లీ అమ్మకానికి వచ్చినప్పుడు, ఎవరైనా తెరిస్తే వెంటనే తెలిసిపోయేలా ప్రతి సీసాకూ మూడు సీళ్లు ఉన్నాయి.