అందరి చందా ఒకే కుండలో పోస్తే మన రూపాయి ఎటు పోయినట్టు?

పోయిన సంచికలో సూడాన్ యుద్ధం గురించి రెండు పేజీలు రాశాం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీదే. సగం మంది డబ్బు ఎలా పంపాలని అడిగారు, మిగతా సగం మంది అసలు ఎందుకు పంపాలని కోప్పడ్డారు. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒక్కటే వేశాను, మీ ఉత్తరం కనిపించకపోతే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మా పిల్లలు వినాయక చవితి చందా డబ్బా పట్టుకుని గడప గడపకూ తిరిగి సూడాన్ పిల్లల కోసం 38,000 రూపాయలు పోగేశారు. ఇప్పుడు పెద్దవాళ్లం కొట్టుకుంటున్నాం. పిల్లల పాలకే ఇవ్వాలని కొందరు, మందులకని కొందరు. మా సెక్రటరీ గారేమో యూఎన్ వాళ్ల ఉమ్మడి నిధిలో వేసేస్తే వాళ్లే చూసుకుంటారంటున్నారు. అందరిదీ ఒకే కుండలో పోస్తే మనది దేనికి ఖర్చయిందో ఎలా తెలుస్తుందండీ? (గృహిణి, ఎంవీపీ కాలనీ)

జవాబు: తెలియదమ్మా. అది ముందే చెప్పేస్తున్నాను. మీ 38,000 ఫలానా ఊళ్లో ఫలానా పిల్లాడి గ్లాసులో పాలయ్యాయని ఎవరైనా ఫోటో పంపితే వాళ్లని కొంచెం అనుమానించండి కూడా.

నాకు ఈ సంగతి హుద్‌హుద్ తుఫాను అప్పుడు అర్థమైంది. 2014 అక్టోబరు 12, ఆ రోజు మన విశాఖలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా వీధి మెయిన్ రోడ్డుకు ఆనుకునే ఉంటుంది, అందుకని మూడో రోజు నుంచి ఆటోల్లో, మినీ వ్యాన్లలో పులిహోర పొట్లాలు దిగడం మొదలయ్యాయి. పొద్దున ఒక సంఘం, మధ్యాహ్నం ఇంకో సంఘం, సాయంత్రం ఎవరో పుట్టినరోజు చేసుకుంటున్నాయన. నాలుగో రోజుకి వీధి కుక్కలు కూడా పులిహోర వాసనకి పక్కకి తప్పుకునేవి. మాకు కావాల్సింది తాగే నీళ్లు, కొవ్వొత్తులు, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి ఎక్కడో ఒక జనరేటర్. అవి తెచ్చిన బండి ఒక్కటీ లేదు, ఎందుకంటే వచ్చినవాళ్లందరూ అన్నదానం పేరు చెప్పి చందా ఎత్తారు, ఇక అన్నమే పెట్టాలి కదా! భీమిలి వైపు తన పుట్టిల్లున్న పల్లెకి, దారిలో చెట్లు పడిపోవడంతో, అన్ని రోజులూ ఒక్క బండీ రాలేదని మా ఇంట్లో పనిచేసే ఆవిడ తర్వాత చెప్పింది.

యుద్ధం నడుస్తున్న దేశంలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే లెక్క కోట్ల డాలర్లలో ఉంటుంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది, కోటి మందికి పైగా ఇళ్లు వదిలేశారు. 2024లో సహాయానికి 270 కోట్ల డాలర్లు కావాలని యూఎన్ లెక్క వేసింది. ఇచ్చే దేశాలు ఇస్తాయి, కానీ ఇంత డబ్బు, ఫలానా రాష్ట్రంలో, ఫలానా పనికి, ఫలానా సంస్థ చేత అని చీటీ అంటించి మరీ ఇస్తాయి. ఈలోగా యుద్ధం ఇంకో ఊరికి మారిపోతుంది. అదే ఏడాది కలరా వచ్చింది, ఆగస్టులో డార్ఫర్ ప్రాంతంలో నిర్వాసితులుండే జంజం శిబిరంలో కరువు ఉందని ప్రకటించారు, ఇవేవీ జనవరిలో చీటీ రాసినవాళ్లకు తెలియవు.

ఉమ్మడి నిధిలో ఆ చీటీ ఉండదు. యూఎన్‌లో ఓచా అని మానవతా సహాయాన్ని సమన్వయం చేసే కార్యాలయం ఉంది, దేశానికొక నిధి పెట్టి అది నడుపుతుంది. 1997లో అంగోలాలో మొదలైంది ఈ పద్ధతి, సూడాన్ నిధి 2006 నుంచీ ఉంది. జర్మనీ, బ్రిటన్, నెదర్లాండ్స్, స్వీడన్, నార్వే లాంటి దేశాలు అందులో వేస్తాయి. ఆ దేశంలోనే ఉండే యూఎన్ సమన్వయాధికారి, డబ్బిచ్చిన దేశాలవాళ్లు, యూఎన్ సంస్థలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులతో ఒక బోర్డు పెట్టుకుని, ఇప్పుడు ఎక్కడ ఏది ముందు అన్నది నిర్ణయిస్తారు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు పద్ధతిగా పంచుతారు, హఠాత్తుగా ఏదైనా ముంచుకొస్తే వాడడానికి కొంత రిజర్వు అట్టేపెడతారు.

సూడాన్‌లో ఇంకో ముచ్చట ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చింది. యుద్ధం రాగానే పెద్ద సంస్థల విదేశీ ఉద్యోగులు చాలామంది దేశం దాటారు. పేటల్లో కుర్రాళ్లు, ఆడవాళ్లు, టీచర్లు, డాక్టర్లు కలిసి ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూములని పెట్టుకుని తకాయా అనే ఉమ్మడి వంటశాలలు నడిపారు. అక్కడ నఫీర్ అని పాత అలవాటు ఒకటుంది, పిలుపు వస్తే ఊరంతా కలిసి పని చేయడం, దాన్నే మళ్లీ లేపారు. డబ్బు బంకక్ అనే బ్యాంకు యాప్‌లో వచ్చేది, మన ఫోన్‌పే లాంటిదే అనుకోండి. నెట్ పోతే వంట కూడా ఆగిపోయేది. వీళ్లకి రిజిస్ట్రేషన్ లేదు, కాగితాలు లేవు, ఏ విదేశీ ప్రభుత్వమూ నేరుగా చెక్కు రాయలేదు. ఉమ్మడి నిధి మాత్రం మధ్యలో రిజిస్టరైన సంస్థని పెట్టి వీళ్ల దాకా కొంత చేర్చగలిగింది. పాలకని చీటీ రాసిన డబ్బు ఆ కుండ కింద కట్టె అయ్యేది కాదు.

కాబట్టి మీ సెక్రటరీ గారు చెప్పిందే నా మాట. పిల్లలకి మాత్రం పాలకిచ్చామని అబద్ధం చెప్పకండి, వివరంగా చెబితే వాళ్లకి మనకన్నా త్వరగా అర్థమవుతుంది.

ప్రశ్న: ఏటండీ మధ్యలో ఇన్ని చేతులు? జర్మనీవాడు యూఎన్‌కి, యూఎన్ పెద్ద ఎన్‌జీవోకి, అది చిన్న ఎన్‌జీవోకి. స్టీల్‌ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు కాంట్రాక్టు, సబ్ కాంట్రాక్టు చూసినవాణ్ణి, ఆఖరి లేబరుకి ఎంత దక్కుతాదో నాకు తెలుసు. ఎంత తినేస్తారో చెప్పండి. (రిటైర్డ్ ఉద్యోగి, గాజువాక)

జవాబు: మాస్టారూ, మీ అనుమానంలో తప్పు లేదు. పైకి చెప్పి తీసుకునేది ముందు చూద్దాం. ఈ నిధుల నుంచి ప్రాజెక్టు తీసుకున్న సంస్థ ఆఫీసు నిర్వహణ ఖర్చుల కింద అసలు ఖర్చు మీద 7 శాతం దాకా వేసుకోవచ్చు. అది కాక జీతాలు, బండ్లు, గోదాములు ప్రాజెక్టు ఖర్చులోనే ఉంటాయి, ఏడే కదా అనుకుని మోసపోవద్దు. చేతులు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుందన్న మీ లెక్క కూడా నిజమే. 2016లో ఇస్తాంబుల్‌లో దాతలూ, పెద్ద సంస్థలూ కూర్చుని నూటికి 25 రూపాయలు స్థానిక సంస్థలకే వీలైనంత నేరుగా వెళ్లాలని ఒప్పందం చేసుకున్నారు. మొత్తం సహాయంలో చూస్తే ఆ మాట నిలబెట్టుకోలేదు. ఓచా నిధుల్లో మాత్రం పావు వాటా దాటింది. నేను వీటి వైపు మాట్లాడటానికి అదొక కారణం.

ఇక చాటుగా తినేది. సోమాలియా నిధిలో ఒకప్పుడు డబ్బు దారి మళ్లినట్టు ఆడిట్లలో బయటపడింది, పద్ధతులు బిగిసింది ఆ తర్వాతే. ఇప్పుడు డబ్బు అడిగే సంస్థని ముందు పరీక్షిస్తారు, రిస్కు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని మార్కు వేస్తారు. రిస్కు ఎక్కువున్నవాళ్లకి డబ్బు చిన్న చిన్న వాయిదాల్లోనే వస్తుంది, మొదటి వాయిదా లెక్క చూపిస్తే తప్ప రెండోది రాదు, తనిఖీలూ ఎక్కువ. మీ ప్లాంట్‌లో రన్నింగ్ బిల్లు లాగానే. ఇంత చేసినా యుద్ధంలో చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకున్నవాడు లారీలో నాలుగు బస్తాలు దింపుకుంటే ఏ ఆడిటరూ ఆపలేడు, ఆ నష్టం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

ప్రశ్న: నేను మర్చంట్ నేవీలో పనిచేస్తాను, ఎర్ర సముద్రం దారి బాగా తెలుసు. మన పోర్టు నుంచి, కాకినాడ నుంచి ఎన్ని దేశాలకి బియ్యం వెళ్తున్నాయో చూస్తూనే ఉన్నాం. ఈ ఫండ్ల గొడవ లేకుండా ఒక షిప్పు బియ్యం పోర్ట్ సూడాన్‌కి పంపేస్తే పోదా? (మల్కాపురం)

జవాబు: షిప్పు చేరుతుంది బాబూ, దిగాక అసలు కథ. పోర్ట్ సూడాన్ నుంచి డార్ఫర్ అంటే దేశానికి ఈ చివరి నుంచి ఆ చివరికి, మధ్యలో రెండు పక్షాల చెక్‌పోస్టులు. పొరుగు దేశం చాద్ వైపు నుంచి అడ్రే అనే సరిహద్దు దారి అయితే దగ్గర, కానీ దాన్ని 2024 ఫిబ్రవరిలో మూయించారు, ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ ఆరు నెలలూ పోర్టులో ఎన్ని బస్తాలుంటే ఏం లాభం?

పైగా అక్కడివాళ్ల తిండి జొన్న. జొన్నపిండి పులియబెట్టి పల్చటి అట్టులా పోస్తారు, కిస్రా అంటారు. జొన్న సంకటి లాంటిదీ ఉంది, అసీదా. మన్యంలో తిరిగినవాళ్లు చూస్తే ఇది మనదే కదా అంటారు. సరుకు దొరికే బజారు ఉన్నచోట డబ్బు ఇస్తేనే మేలు, ఎవరికి ఏం కావాలో వాళ్లే కొనుక్కుంటారు, అక్కడి రైతుకీ నాలుగు డబ్బులు మిగులుతాయి. బజారే లేని, ముట్టడిలో ఉన్న ఊళ్లకి మాత్రం బస్తాలే కావాలి. మన దేశం కూడా 2021లో అఫ్గానిస్తాన్‌కి 50,000 టన్నుల గోధుమలు ఇస్తానని ప్రకటించి, 2022లో పాకిస్తాన్ మీదుగా లారీల్లో పంపడం మొదలుపెట్టింది, పంచే పని యూఎన్ ఆహార సంస్థకి అప్పజెప్పింది. సరుకు ఉన్నా పంచే మనిషి కావాల్సిందే.

ప్రశ్న: 2025లో అమెరికా సాయం ఆపేసింది కదా, మరి ఈ ఉమ్మడి నిధులు బతుకుతాయా? (ఎంఏ విద్యార్థిని, ఆంధ్రా యూనివర్సిటీ)

జవాబు: ఆ జనవరిలో సాయం ఆగిపోగానే ఖార్టూమ్‌లో వందల వంటశాలలు మూతపడ్డాయి, అదీ దెబ్బ. ఒకే పెద్ద దాత మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు చూశాం. కానీ అమెరికా తన డబ్బులో ఎక్కువ భాగం నేరుగా సంస్థలకే ఇచ్చేది, దేశాల నిధులకి పెద్దగా వేసేది కాదు, వాటిని నిలబెట్టింది యూరప్ దేశాలే. ఇప్పుడు వాళ్లు కూడా రక్షణ ఖర్చు పేరు చెప్పి సాయం కోస్తున్నారు, నాకు అసలు టెన్షన్ అక్కడ.

వింత ఏమిటంటే అదే 2025 డిసెంబరు చివర్లో అమెరికా 200 కోట్ల డాలర్లు ఇస్తానంది, ఈసారి ఓచా ఉమ్మడి నిధుల దారిలోనే. సంతోషమే. అయితే ఏ దేశాలకు ఖర్చు పెట్టాలో జాబితా తనే ఇచ్చింది, అందులో యెమెన్ లేదు, అఫ్గానిస్తాన్ లేదు. కుండ అందరిదీ, గరిటె మాత్రం నా చేతిలోనే అన్నట్టు. మీ థీసిస్‌కి పనికొస్తుందేమో చూడండి. ఇది కాక సెర్ఫ్ అని ప్రపంచం మొత్తానికీ ఒక ఉమ్మడి నిధి ఉంది, 2006 మార్చి నుంచి నడుస్తోంది. విపత్తు వచ్చిన వెంటనే ఇవ్వడానికి కొంత, ఎవరూ పట్టించుకోని చోట్లకి కొంత కేటాయిస్తారు. దానికి వంద పైచిలుకు దేశాలు డబ్బిచ్చాయి, వాటిలో మనమూ ఉన్నాం.

ప్రశ్న: పాడేరు వైపు గర్భిణుల్ని ఇంకా డోలీలో మోస్తున్నారు. మీకు సూడాన్ కావాల్సొచ్చిందా? (పేరు రాయలేదు)

జవాబు: డోలీల గురించి ఈ శీర్షికలోనే చాలాసార్లు రాశాను. మీరు అక్కడికి ఇస్తే సంతోషం, ఎవరూ అడ్డురారు. 2015లో యెమెన్ నుంచి మన దేశం నౌకల్లో, విమానాల్లో 4,600 మందికి పైగా మనవాళ్లతో పాటు 900 మందికి పైగా విదేశీయుల్ని కూడా ఎక్కించుకొచ్చింది, ముందు మనవాళ్లందరూ అయ్యాక చూద్దాంలే అనలేదు.

ప్రశ్న: డబ్బు ఎలా కట్టాలి, 80జీ వస్తుందా? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: 80జీ రాదు. ఆ పన్ను మినహాయింపు మన దేశంలో అర్హత ఉన్న సంస్థలకి, నిధులకి ఇచ్చినదానికే. యూఎన్ క్రైసిస్ రిలీఫ్ సైట్‌లో సూడాన్‌కి వేరే పేజీ ఉంది, అందులో కార్డుతో కట్టొచ్చు. విదేశాలకి విరాళం పంపడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు వ్యక్తులకే, ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా, మన 38,000కి ఆ బెంగ అక్కర్లేదు. ఎంవీపీ కాలనీ అమ్మగారూ, ఇది మీరు చూసుకోవాలి, ఆ వెసులుబాటు అసోసియేషన్లకి వర్తించదు, అందుకని పోగైన డబ్బు ఎవరి వాటా వాళ్లకి తిరిగిచ్చేసి ఎవరి కార్డుతో వాళ్లు కట్టుకోవడం మేలు, ముందు మీ బ్యాంకులో ఒక మాట అడగండి. కట్టాక రసీదు దాచుకోండి. ఇన్‌కంటాక్స్ వాళ్లకి అక్కర్లేదు గానీ వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.